తిన్న నాలుగు గంటలకు

భూపాలపల్లి
26 నవంబర్ 2024

నువ్వు అబద్ధాలకోరువు అన్నా. ఒక్క నోటితోని అయితే ఊకుందును. నెత్తురుతోని గూడ అబద్ధమాడిస్తున్నవు.

ఈ మాట ఫోన్ల అంటే కట్ చేస్తవు. పోయిన వారంల నాలుగుసార్లు చేసినవు. అందుకే పోస్టాఫీసుకు పోయి కవర్లు కొనుక్కొచ్చిన. ఉత్తరాన్ని నడిమిట్ల ఆపుడు నీతోని కాదు. పొట్లం విప్పినంక ఆ కాయితం ముక్కను గూడ చదివి గాని పారెయ్యని మనిషివి నువ్వు.

సంగతికి వస్త. పదిహేడో తారీఖున మహబూబాబాదుల సారయ్య చిన్నాయిన మనుమరాలి పెండ్లి. నాకు కాలేజీల డ్యూటీ పడి రాలేకపోయిన. మధ్యాహ్నం పెండ్లి భోజనం, సాయంత్రానికి దవాఖాన. "జర గ్యాస్ అయింది, ఇక్కడ్నే ఉన్నం" అన్నవు ఫోన్ల. నాలుగు దినాలు ఉంచుకునే గ్యాస్ ఏం గ్యాస్?

ఆ దవాఖానోళ్లు నెత్తురు పరీక్షకు పంపింది సుమన ల్యాబుకు. సుమన నా దగ్గర జువాలజీ చదువుకున్న పిల్ల. తండాల పుట్టి, బస్టాండు వెనుక ఒక చిన్న గదిల ల్యాబు పెట్టుకున్నది. దవాఖానకెల్లి సీసలు వస్తయి, మనుషులు రారు. ఒక సీస మీద నర్సింగరావు, జనగామ అని చూసి నాకు ఫోన్ చేసింది.

"మేడం, మీ అన్ననే గద? నెత్తురు తేరవెట్టిన. పైన పాలు తేలినయి."

నెత్తురును గాజు సీసల పోసి మిషిన్ల తిప్పితే ఎర్రది అడుక్కు పోతది, పైన ఎండుగడ్డి రంగు నీళ్లు తేలుతయి. అట్ల తేలాలె. నీ సీసల తెల్లగ, చిక్కగ, పిండిన పాల తీరు తేలింది. ట్రైగ్లిజరైడ్లు అంటరు, తిన్న నూనె, నెయ్యి నెత్తురుల కలిసి తిరిగే కొవ్వు. పరిగడుపున నూటయాభై దాటొద్దు. నీది పద్నాలుగు వందల అరవై. అంత కొవ్వుకు కడుపుల క్లోమం వాస్తది. మనుషులు పోతరు అన్నా.

మరి నీ రిపోర్టులు ఎన్నడూ మంచిగనే ఎందుకొస్తయి? నేను చెప్త. బాపు కాలం సంది మన ఇంట్ల నెత్తురు ఇచ్చేది శనివారమే. శనివారం ఒక్కపొద్దు. శుక్రవారం రాత్రి రెండు అరటిపండ్లు, తెల్లారి ఎట్లాగూ ఖాళీ కడుపే గద అని ల్యాబుకు పోవుడు. ఆరు దినాలు నూనెల మునిగి, ఏడో దినం తుడుచుకొని ఫోటో దిగుడు. ఆ ఫోటో చూపించి డాక్టర్‌ను మోసం చేస్తున్నవు, నన్ను మోసం చేస్తున్నవు. మనిషి పరిగడుపున బతుకుతడా? దినంల సగం మనం తిన్న తరువాతి నెత్తురుతోనే తిరుగుతం. తిన్న నాలుగు గంటలకు ఇయ్యి నెత్తురు, అప్పుడు చూద్దాం నీ నిజం.

రెండు దినాల సంది నాకు ఒకటే కల. మన దుకాణం ముందట రోడ్డు. బండ్లు లేవు, మనుషులు లేరు. రోడ్డు నిండ తెల్లటిదేదో మెల్లగ, సప్పుడు లేకుంట పారుతున్నది. బాపు గద్దె మీద కూసొని దాన్నే చూస్తున్నడు. లేవమంటే లేవడు. నేను పిలుస్తనే ఉన్న. మెలకువొస్తే కిటికీల బొగ్గు ధూళి, గని సైరను.

కోపంల ఉన్న
నీ చెల్లె మనోరమ


జనగామ
3 డిసెంబర్ 2024

చెల్లె మనోరమకు, షట్టర్ సగం దించి, నూనె డబ్బా మీద అట్ట పెట్టుకొని రాస్తున్న. అక్షరాలు వంకరవోతే డబ్బాది తప్పు.

నా నెత్తురు మీద నువ్వు మోపిన నేరం నేను ఒప్పుకోను. మూడు రిపోర్టులు ఈ కవర్ల పెట్టిన. నూటముప్పై ఎనిమిది, నూటనలభై రెండు, నూటముప్పై ఒకటి. శనివారాలయే, నిజమే. శనివారం నాడు నా పేరు మారుతదా? నా నెత్తురు గురించి పరేషాన్ గాకు. ఆ సుమన పిల్ల మంచిదే గాని, ఒకరి సీస సంగతి ఇంకొకరికి చెప్పుడు మంచిది కాదని చెప్పు.

ఫోన్ ఎందుకు కట్ చేస్తున్నవంటవు. నువ్వు మాట్లాడవు, మీటింగు పెడ్తవు. దుకాణంల గిరాకి నిలవడి నీ ఉపన్యాసం వింటున్నరు. మొన్న ఒకాయన మొత్తం విని, "సేటూ, అక్క నిలవడ్తుందా ఎలక్షన్ల?" అన్నడు.

ఇక్కడ పత్తి రోజులు. పాలకుర్తి దిక్కుకెల్లి ఆటోలు వస్తుంటయి, పత్తి బోరాల మీద మనుషులు. గాలికి పింజెలు లేచి దుకాణం ముందట ఎగురుతయి. సాయంత్రం ఎండ వాలుగ పడ్డప్పుడు అవి కిందికి రావు, పైకి పోవు, నడిమిట్ల తేలుకుంట ఉంటయి. గద్దె మీద కూసొని చూస్తుంటే ఎంతసేపైందో తెల్వది. నీకు చెప్తే "కూసునుడు తప్ప నీకు ఏం పని" అంటవు. అందుకే ఫోన్ల చెప్పలేదు.

మా బిడ్డ శిల్పకు ఈ దవాఖాన సంగతి తెల్వనియ్యకు. నాలుగో నెల. బిడ్డ భయపడ్తది.

ఒక్కటి అడుగుత. సైన్సు చదివినదానివి. నెత్తురు అట్ల పాల తీరు మల్లా కాకుంట ఏం చెయ్యాలె? గోలీలు ఇచ్చిండ్రు, నూనె తగ్గించుమన్నరు. అవి కాకుంట ఇంకేమన్న ఉన్నదా? ఊకెనే అడుగుతున్న.

నీ అన్న
నర్సింగరావు


భూపాలపల్లి
18 డిసెంబర్ 2024

అన్నా,

"ఊకెనే అడుగుతున్న" అట. ఇంత సిగ్గెందుకు? భయమైతున్నదని రాస్తే నీ గద్దె ఏమన్న కూలుతదా?

నువ్వు పుస్తకం నమ్మవు. అందుకే నా నెత్తురే ఇచ్చిన. రెండు శనివారాలు మధ్యాహ్నం బస్సెక్కి మహబూబాబాదు పోయి సుమన ఇంట్ల పండుకున్న. ఆదివారాలు దాని ల్యాబుకు సెలవు. పొద్దున ఎనిమిదింటికి పరిగడుపున ఒక సీస. తరువాత ఆరు పూరీలు, ఆలుకూర, నెయ్యి కారే సేమ్యా. తరువాత పదింటికి, పన్నెండింటికి, రెండింటికి ఒక్కో సీస. ఆ నడుమ ఇంకేం తినలేదు, కుర్చీలకెల్లి లేవలేదు.

సుమన సీసలను కిటికీల వరుసగ నిలవెట్టింది. ఆ కిటికీకి పడమర ఎండ. మొదటి సీసల నీళ్లు తేటగ, ఎనుక పెట్టిన పేపరు అక్షరాలు చదువొస్తున్నయి. రెండో దాంట్ల అక్షరాలకు పొగమంచు పట్టింది. మూడో దాంట్ల అక్షరాలు లేవు, గంజి ఉన్నది. నాలుగోది మల్లా జర తేరుతున్నది. ఎంతసేపు చూసిననో. నా ఒంట్ల నాకు తెల్వకుంట ఇంత వాన కురిసి ఎలిసింది. ఇన్నేండ్లు పాఠం చెప్పిన గాని, అది నా లోపల్నే జరుగుతున్నదని ఎన్నడూ అనుకోలే.

నూటనలభై, రెండువందల ముప్పై, మూడువందల పది, రెండువందల నలభై. ఇది మొదటి వారం.

రెండో వారం అదే తిండి, అవే ఆరు పూరీలు. ఒక్కటే తేడా. ముందురోజు శనివారం సాయంత్రం దంతాలపల్లి దిక్కు పోయే రోడ్డు పట్టుకొని గంటన్నర గట్టిగ నడిచిన. సుమన తల్లి గంగి ఎదురొచ్చింది, నెత్తి మీద కట్టెలమోపు.

"ఏందమ్మా గింత ఉరుకుతున్నవు? బర్రె తప్పిపోయిందా?"

"లేదు గంగమ్మా, ఊకెనే నడుస్తున్న."

ఆమె నిలవడి నన్ను కిందికెల్లి మీదిదాక చూసింది. "ఊకెనే నడుస్తరా? నేను రోజు నడుస్త, నాకెవలు మందని చెప్పలే" అన్నది. మోపు జర సేపు నేను మోస్తనన్న. నాలుగడుగులకు మెడ పట్టింది. నవ్వుకుంట తీసుకున్నది.

తెల్లారి సీసలు. నూటపద్దెనిమిది, నూటఎనభై, రెండువందల ఇరవై ఐదు, నూటఅరవై. మూడో సీస ఎనుక పేపరు హెడ్డింగు కనపడ్డది. నా ఒక్కదాని నెత్తురు రుజువు కాదు. పెద్ద పరీక్షలల్ల గూడ ఇదే తీరు చూసిండ్రు. నిన్నటి నడక ఇయ్యాల తిన్న కొవ్వును మోస్తది. నడిచిన కండలు నెత్తురుల కొవ్వును గుంజుకుంటయి, తెల్లారి గూడ ఆకలిగనే ఉంటయి. ఒక దినం, మహా అంటే దినమున్నర. తరువాత మల్లా మొదటికే. నడకను నూనె డబ్బాల లెక్క స్టాకు పెట్టుకునుడు కుదరదు సేటూ.

గోలీలు మానొద్దు, నూనె తగ్గియ్యాలె, అవి ఎట్లాగూ తప్పయి. వాటితోని పాటు గద్దె దిగు. దీపం పెట్టినంక దుకాణం మూసేదాక దిగొద్దని బాపు పెట్టిన రూలు. ఆ రూలు పెట్టిన మనిషి అదే గద్దె మీద, పెండ్లి భోజనం తిని వచ్చిన సాయంత్రమే ఒరిగిపోయిండు. ఎవలమన్న అడిగినమా ఎందుకు పోయిండని?

మనోరమ


జనగామ
27 డిసెంబర్ 2024

చెల్లె,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివిన. నీ చేతికి ఎనిమిది సూదులు పొడిపించుకున్నవని తెలిసి అన్నం సయించలే. పిచ్చిదానా, నా కోసం గింత పని ఎందుకు?

ఆ సీసల సంగతి మనసుల పడ్డది. ఇప్పుడు ఎవలు తింటున్నా నాకు వాళ్ల లోపల మబ్బు పడుతున్నట్టే అనిపిస్తది. హోటలు ముందటికెల్లి పోతే బల్లల దగ్గర మనుషులు కాదు, వరుసగ గాజు సీసలు కూసున్నయి.

కొన్ని అడుగుత, తిట్టకుంట చెప్పు. రోడ్డు మీదనే నడవాల్నా? డాబా మీద అటూ ఇటూ తిరిగితే లెక్కకు వస్తదా? గంటన్నర ఒక్కసారే కావాల్నా, పావుగంట పావుగంటగ చేస్తే? నడిమిట్ల లేచి పొయ్యి మీద పాలు చూసి వస్తే పోతదా? చెప్పులు లేకుంట నడిస్తే? మోకాలు నొప్పులున్నోళ్లు మెల్లగ నడిస్తే ఏమన్న పనికొస్తదా?

మా ఇంట్ల నడక మొదలైంది. నీకు మాటిస్తున్న.

శిల్ప శ్రీమంతం ఫిబ్రవరి పన్నెండున పెట్టుకున్నం, మాఘ పున్నమి. మన ఇంట్లనే. రెండువందల మంది. పూర్ణం పోలెలు ఇంట్లనే చెయ్యాలె గద, ముందురోజంత పొయ్యి మీదనే. నాకు ఆ భోజనం గురించే భయం. డాక్టరు చెప్పిండు, ఇంకోసారి అట్ల వస్తే తన చేతుల ఉండదని.

నీ అన్న


భూపాలపల్లి
8 జనవరి 2025

అన్నా,

ముందు జవాబులు. డాబా పనికొస్తది. పావుగంట చొప్పున అయినా దినం మొత్తం కలిపితే లెక్కకు వస్తది. మెల్లగ అయితే ఎక్కువసేపు కావాలె. చెప్పులు ఏసుకో, పాలు ఇంకెవలన్న చూస్తరు. నువ్వెన్నడు పొయ్యి మీద పాలు చూసినవు?

ఇగ అసలు సంగతి. వెంకట్రాం బావ నిన్న ఫోన్ చేసిండు. మన మేనత్త కొడుకు గద, ముచ్చట్ల మీద ముచ్చట చెప్పిండు. "మీ అన్న దిగుడా? పది దినాల సంది రోజు సాయంత్రం నేను దుకాణంల కూసుంటున్న, పిల్లి దిగుతది గాని నర్సింగం దిగడు" అన్నడు. మరి మాటిస్తున్న అంటివి. నడక మొదలైందని రాస్తివి. ఉత్తరంల గూడ నీకు సిగ్గు లేదు.

ఈ దేశంల మగోళ్ల రోగమిది. దినమంత కూసునుటే పెద్దరికం. లేస్తే ఇజ్జత్ పోతది. అవుతల పత్తి ఏరే ఆడోళ్లకు కూసునే నసీబు లేదు, ఇవుతల మీకు లేచే ధైర్యం లేదు. నీకేమన్న అయితే వదినె ఏం గావాలె? శిల్ప ఒడి నింపే నాడు నిన్ను దవాఖానకు మోస్తమా? ఫిబ్రవరి పదకొండు సాయంత్రం నేనే వచ్చి అందరి ముందట నిన్ను గద్దె మీదికెల్లి గుంజుత. లేకుంటే ఆ భోజనంల కూసోను.

మనోరమ


జనగామ
16 జనవరి 2025

మనోరమా,

ఈసారి చెల్లె అని రాయబుద్ధి కాలే.

ఆ సీసల నెత్తురు నాది కాదు. హరితది. మీ వదినెది.

పెండ్లి నాడు సాయంత్రం కడుపు పట్టుకొని కూలవడ్డది. దవాఖాన కౌంటర్ల "పేరేంది" అన్నరు. ముప్పై ఏండ్ల సంది ఎవలు పేరడిగినా నా నోట్లెకెల్లి వచ్చేది ఒకటే పేరు. కరెంటోళ్లయినా, గ్యాసోళ్లయినా. నర్సింగరావు అన్న. రాసుకున్నరు. ఆమె అవుతల బల్ల మీద ముడుచుకొని ఉన్నది, దిద్దుమనే సోయి నాకు లేదు. వార్డుల మంచం నంబరుతోనే పిలిచిండ్రు, నాలుగు దినాలు నా పేరు మీదనే పండుకున్నది.

నీకు చెప్పొద్దని ఆమెనే అన్నది. శిల్ప భయపడ్తదన్నది. "మీ చెల్లెకు తెలిస్తే పేపర్ల రాస్తది" అని గూడ అన్నది. నీ మొదటి ఉత్తరం వచ్చిన నాడు చెప్దామనుకున్న. తరువాత నాకు గూడ జిద్దు పట్టింది. నువ్వే అడుగుతవేమో చూద్దామని ఊకున్న. నీ మూడు ఉత్తరాలు ముందటేసుకొని చూసిన. నా గద్దె ఉన్నది, బాపు ఉన్నడు, కట్టెలు మోసే గంగమ్మ ఉన్నది. వదినె ఎట్లున్నది అన్న మాట ఒక్క జాగల లేదు. ఆమె ఊసు ఒక్కసారే వచ్చింది, నాకేమన్న అయితే ఆమె ఏం గావాలె అని.

పోయిన దసరకు వచ్చినవు. నువ్వు, నేను కూసొని ఆడోళ్ల హక్కుల మీద గంట కొట్లాడినం. నువ్వే గెలిచినవు. ఆ గంటసేపు పూరీలు ఎవలు వేసి పెట్టిండ్రు? మనం లేచినంక రెండున్నరకు ఆమె ఒక్కతే కూసున్నది. గిన్నె అడుగున మిగిలిన నెయ్యి, నూనె తేలిన కూర, ఎవలు ముట్టని పూరి. పారెయ్య మనసొప్పదు. అన్నీ ఆమె పళ్లెంలకే. నేను దినం చూస్తనే ఉన్న. తప్పు నీ ఒక్కదానిదే అంటలేను.

ఆమెది గూడ శనివారం ఒక్కపొద్దే. ఆమె నెత్తురు గూడ శనివారమే ఇచ్చినం. రెండువందల నలభై వచ్చింది, జర ఎక్కువ, ఏం కాదన్నరు.

నడక అబద్ధం కాదు. హరిత డాబా మీద నడుస్తున్నది. సాయంత్రం నేను కింద గద్దె మీద ఉంట, నా నెత్తి మీద ఆమె అడుగులు. ఇటు ఇరవై రెండు, అటు ఇరవై రెండు. గిరాకితోని మాట్లాడుకుంటనే లెక్కపెడ్త. ఆగినయంటే నా చేతుల తరాజు ఆగుతది. మల్లా మొదలైతయి. ఇన్నేండ్లు ఒకే ఇంట్ల ఉన్న గాని ఆమె నడక సప్పుడు నాకు ఇప్పుడే తెలిసింది. ఎడమ కాలు జర గట్టిగ పడ్తది.

నర్సింగరావు


భూపాలపల్లి
22 జనవరి 2025

అన్నా,

మూడు దినాలు కలం పట్టలేదు.

వదినె నంబరు నా ఫోన్ల ఉన్నది. పండుగలకు దీపాల బొమ్మ పంపిన, ఆమె దండం బొమ్మ పంపింది, అంతే ఉన్నది నాలుగేండ్ల సంది. నిన్న ఫోన్ చేసిన. "బాగున్నవా వదినె" అన్న. "బాగున్న, ఉండు మీ అన్నకిస్త" అన్నది. నీతోనే మాట్లాడాలె అన్న. ఎనుక కుక్కరు కూతవెట్టింది. "ఏం మాట్లాడాలె?" అన్నది. తిట్టలేదు. తిడితే బాగుండు, నాకు అలవాటైన పని.

నేను మీటింగులల్ల అన్న ప్రతి మాటా నాకు తిరిగి తగిలింది. పాలు తేలిన నెత్తురంటే మగోడిదే అనుకున్న. బాగ తిన్నోడి రోగమనుకున్న. మిగిలింది తిన్నామెకు వస్తదని ఆలోచనకే రాలేదు. అయినా నిన్ను ఇడువను. నేను అడుగలేదు సరే, నువ్వు చూసినవు గద. ముప్పై ఏండ్లు ఆ పళ్లెం చూసి, "నాతోని కూసో" అనలేకపోయినవు. జిద్దు పట్టి రెండు నెలలు నన్ను పరీక్షించినవు, ఆమె ప్రాణం నడిమిట్ల పెట్టి. ఎవలం ఎవలికి చెప్పాలె?

పనికొచ్చేది రాస్త. పన్నెండున భోజనం. పదకొండు సాయంత్రం వదినె గంటన్నర నడవాలె. పొయ్యి కాడ నిలవడుడు నడక కాదు. ఆ రోజు పోలెలు ఎవలన్న చెయ్యనీ, లేకుంటే పోలెలు వద్దు. నాకు ఆ వారమంత కాలేజీల ప్రాక్టికల్ పరీక్షలు, సెలవు ఇయ్యలేదు. ఇది సాకు కాదు. నువ్వే గద్దె దిగి చూసుకోవాలె.

వదినెకు నా మాటగ కాదు, నీ మాటగ చెప్పు.

మనోరమ


జనగామ
15 ఫిబ్రవరి 2025

చెల్లె,

బతికినం. మొత్తం చెప్త, జర ఓపికతోని చదువు.

పదకొండున ఇల్లంత చుట్టాలు. ముగ్గురు పొయ్యి కాడ, నలుగురు పూర్ణం ముద్దలు చేసుడు. నేను పొద్దటి సంది "సాయంత్రం నడువుమని చెప్పాలె" అనుకుంటనే ఉన్న. అందరి ముందట ఎట్ల చెప్పాలెనో తెల్వలే. ఐదున్నర అయింది. గద్దె మీదికెల్లి చూస్తే మెట్లు దిగి హరిత వస్తున్నది. చేతులు కడుక్కున్నట్టున్నది, తడి తుడుచుకుంట వస్తున్నది. దుకాణం నడిమిట్లకెల్లి, నా ముందటికెల్లి రోడ్డు మీదికి పోయింది. నన్ను చూడలే.

ఎనుకకెల్లి పెద్దత్త కేక. "దీపం పెట్టే యాళ్లకు గదేం పోకడే, పెనం మీద పోలె ఉన్నది."

హరిత తిరిగి చూసింది. "దించు అత్తా, మాడుతది" అన్నది. పోయింది.

దుకాణంల నలుగురు గిరాకి. వెంకట్రాం బావ నన్ను చూస్తున్నడు. నేను చెప్పులు దేవులాడుకుంటున్న. "నువ్వు కూసో బావా" అన్న. "ఎక్కడ, గద్దె మీదనా?" అన్నడు. ఆయన మొకం చూసేదుండె.

పాలకుర్తి రోడ్డు పట్టింది. నేను ఇరవై అడుగుల ఎనుక. అలవాటు లేక ఆయాసమొస్తున్నది. చంద్రుడు అప్పటికే లేచిండు, రేపటి పున్నమి గద, పొలాల మీద తక్కువల ఉన్నడు, పెద్దగ. ఊరు దాటినంక దీపాలు లేవు. నాటేసిన మడుల నీళ్లల్ల ఇంకో చంద్రుడు, ఆమె నడుస్తుంటే ఆమె పక్కకెల్లి మడి నుంచి మడికి దూకుకుంట వస్తున్నడు. ఆటోలు మమ్మల్ని దాటి పోతున్నయి. ఒకాయన ఆపి "ఎక్కుండ్రి సేటూ" అన్నడు. ఎక్కుడు లేదు అన్న. అనుమానంగ చూసి పోయిండు. ఆమె వెంట్రుకల మీద పిండి ఉండె. ఆ తెలుపు చూసుకుంటనే నడిచిన. నిద్రల నడుస్తున్నట్టున్నది నాకు. ఎటు పోతున్నమో, ఎందుకో, ఏం యాది లేదు, ముందట ఆమె ఉన్నది, అంతే. ఒక కల్వర్టు కాడ నా కోసం ఆగింది. "ఆయాసమా?" అన్నది. 

తెల్లారి అందరితోని రెండో బంతిల కూసున్నది. ఒకటిన్నర పోలె, నెయ్యి లేదు. శిల్ప పక్కన్నే. తిన్న నాలుగు గంటలకు ఇక్కడి ల్యాబాయన ఇంటికొచ్చి నెత్తురు తీసిండు. పేరు నేనే చెప్పిన, హరిత అని. మూడువందల తొంభై. సీస చూపియ్యమన్న. పొగమంచు ఉన్నది, పాలు లేవు. గోలీలతోని తగ్గింది, నూనె మానుకున్నది, ఒక్క నడకదే అనకు అన్నడు డాక్టరు. సరే. కడుపు నొప్పి రాలే. అది చాలు.

ఇప్పుడు ఒక తిరకాసు. చుట్టాలు అటూ ఇటూ అంటున్నరు. శెట్టింటి కోడలు చీకటి పడే యాళ్ల రోడ్డు పట్టుకున్నదని అంగడి మొత్తం మాట. నేను నిన్న మెల్లగ అన్న, "గండం గడిచింది గద, ఇగ డాబా మీద తిరుగుదువు, ఏదన్న పండుగ ఉన్న నాడు రోడ్డు మీదికి పోదాం" అని.  ఆమె నీ ఉత్తరాలన్నీ అడిగి తీసుకొని చదివింది, డిసెంబర్‌ది రెండుసార్లు. తరువాత కాయితం, కలం అడిగింది. రాసి మడతపెట్టి నాకిచ్చింది. చదివిన. అదే ఈ కవర్ల పెడుతున్న.

నీ అన్న


జనగామ
15 ఫిబ్రవరి 2025

మీ ఇద్దరికి,

మీరు ఇద్దరు నా నెత్తురు గురించి మూడు నెలలు ఉత్తరాలు రాసుకున్నరు. ఇంట్ల ఉన్నయన్నీ చదివిన. మనోరమ బాగ రాస్తది. ఒక్క దినం దాటితే నడక పని చెయ్యదని అండ్లనే ఉన్నది. అంటే పండుగకొకసారి నడిస్తే లాభం లేదు. మీ అన్న ఆ ముక్క నాలుగుసార్లు చదివి గూడ చదువలేదు.

డాబా మీద ఇరవై రెండు అడుగులకు గోడ వస్తది. తిరుగాలె. మల్లా గోడ. మొన్న రోడ్డు మీద ఎంత నడిచినా గోడ రాలే. పొలాలు మెల్లగ ఎనుకకు పోతున్నయి. నాకు ఇద్దరు పిల్లలు పుట్టిన ఊరు ఇది, పాలకుర్తి రోడ్డు మీద ఇండ్లు ఎక్కడ ఆగుతయో నాకు ఇప్పటి దాక తెల్వది. చనిపోతనేమోనన్న భయం అక్కడ లేదు. ఇంట్ల ఉన్నది. అందుకని రాస్తున్న. మొన్న నన్ను ఎవలు అడుగలే, నేను ఎవలను అడుగలే. ఇప్పుడు గూడ అడుగుతలేను, చెప్తున్న.

1. రోజు సాయంత్రం ఐదున్నరకు నేను రోడ్డు మీదికి పోత. డాబా మీద తిరుగ.

2. ఆ గంటల నన్ను పొయ్యి కాడికి గాని దుకాణంలకు గాని పిలువొద్దు. చాయ కావాల్సినోళ్లు పెట్టుకోవాలె.

3. నేను అందరితోని కూసొని తింట. మిగిలింది నా పళ్లెంల వెయ్యొద్దు. తక్కువ వండుదాం.

4. పెండ్లయినా, పండుగయినా ముందురోజు సాయంత్రం నాకు పని పెట్టొద్దు.

5. మూడు నెలలకొకసారి నెత్తురు ఇస్త, పరిగడుపున ఒకసారి, తిన్న నాలుగు గంటలకు ఒకసారి. శనివారం కాదు. మీ అన్న గూడ ఇయ్యాలె.

6. శనివారం ఒక్కపొద్దు నేను ఇడువ. మనోరమ దాని మీద వాదించొద్దు.

7. నా సంగతి పేపర్ల రాయాలంటే ముందు నన్ను అడుగాలె. నేను చదివినంకనే పంపాలె.

8. నడిచే బూట్లు కావాలె. నేనే పోయి కాళ్లకు ఏసి చూసి కొనుక్కుంట.

9. నాతోని వచ్చేటోళ్లు పక్కన నడవాలె. రాకపోతే నేను ఆగ.

హరిత